దానానికి పద్దు అడగవచ్చా?

అపాత్రదానం అనే మాట మనకు చాలా పాతది. ఇవ్వడం మంచిదే అయినా, చేరకూడని చోటికి చేరిన దానం దోషమవుతుందన్న ఆలోచన ఆ ఒక్క మాటలో ఉంది. దేశం, కాలం, పాత్ర చూసి, తిరిగి ఏమీ ఆశించకుండా ఇచ్చిందే సాత్త్వికమని భగవద్గీత 17వ అధ్యాయం చెబుతుంది. కానీ పాత్రత అనగానే మన చూపు గుమ్మంలో చెయ్యి చాచిన మనిషి మీదికి పోతుంది. ఒంట్లో సత్తువ ఉందిగా, పని చేసుకోకూడదా? ఈ డబ్బుతో తాగడని ఏమిటి నమ్మకం? ఆ చూపు పడవలసిన చోట పడటం లేదని నా వాదన. పరీక్షించవలసింది ఆకలితో ఉన్నవాణ్ణి కాదు, వాడి పేరు చెప్పి మన దగ్గర డబ్బు తీసుకునే సంస్థను. సేవాసంస్థల లెక్కలనూ పనినీ బయటినుంచి తూచి చెప్పే స్వతంత్ర రేటింగులు ఆ పరీక్షకు ఈ కాలం ఇచ్చిన పనిముట్లు. వాటిలో లోపాలున్నాయి, నిజమే. అయినా వాటిని పక్కన పెట్టేయడం ధర్మం కాదు.

ఈ తేడాను యూదుల ధర్మశాస్త్రం చాలా సూటిగా పట్టుకుంది. తల్మూద్‌లోని బావా బత్రా భాగంలో ఇద్దరు పండితులు వాదించుకుంటారు. బట్ట అడిగినవాడికి ఏమీ అడగకుండా ఇవ్వాలి, తిండి అడిగినవాణ్ణి విచారించాలి అంటారొకరు. కాదు, ఆకలి బాధ ఆగదు కాబట్టి తిండి దగ్గర విచారణ కూడదు అంటారు రెండోవారు. 12వ శతాబ్దంలో యూదు ధర్మశాస్త్రకారుడు మైమొనిడీస్ ఈ రెండో మాటనే స్థిరపరిచాడు. ఆ మైమొనిడీసే, నిర్వహించేవాడు నమ్మదగినవాడని తెలియనిదే ధర్మనిధిలో డబ్బు వేయవద్దని కూడా రాశాడు. ఆకలి దగ్గర ఔదార్యం, నిధి దగ్గర జాగ్రత్త. మన డొక్కా సీతమ్మగారు (1841–1909) గోదావరి లంకల్లో వేళకాని వేళ వచ్చినవారికి కూడా అన్నం పెట్టారు. ఆమెకు ఏ రేటింగూ అక్కర్లేదు, ఎందుకంటే పెట్టే చెయ్యీ తినే నోరూ ఎదురెదురుగా ఉన్నాయి. డల్లాస్‌లో ఉన్న తెలుగువాడు ఆదిలాబాద్ పిల్లల చదువుకు డబ్బు పంపినప్పుడు ఆ ఎదురుపాటు పోతుంది. మధ్యలో ఒక సంస్థ వస్తుంది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వకపోవచ్చునన్న పాత భయం అక్కడే పుడుతుంది.

బియ్యం కొన్నవాడికి అందులో రాయి ఉంటే పంటికింద తగిలి తెలుస్తుంది, మరుసటిసారి కొట్టు మారుస్తాడు. చందా విషయంలో డబ్బిచ్చేవాడొకడు, తినేవాడొకడు. రాయి తగిలేది తినేవాడికి, కానీ కొట్టు మార్చే హక్కు వాడికి లేదు. లాభాపేక్ష లేని సంస్థలు ఎందుకు పుడతాయో వివరిస్తూ న్యాయశాస్త్ర పండితుడు హెన్రీ హాన్స్‌మన్ 1980లో రాసిన వ్యాసానికి మూలం ఈ చిక్కే: కొన్న సరుకు ఎలా ఉందో కొన్నవాడే చూసుకోలేడు. అమెరికాలో 2001లో మొదలైన ఛారిటీ నావిగేటర్, సంస్థలు పన్నుశాఖకు సమర్పించే 990 ఫారాలను చదివి నక్షత్రాలు ఇవ్వడంతో ఈ ఖాళీని కొంత పూడ్చింది. మన దగ్గర చాలామంది దాతలు 80జీ ధ్రువపత్రం చూసి తృప్తిపడతారు. అది దాతకు పన్ను మినహాయింపు ఉందని చెబుతుందే గాని, పిల్లలకు పుస్తకాలు అందాయని చెప్పదు.

నక్షత్రాలు మోసపోవా? పోయాయి. పాకిస్తాన్, అఫ్గానిస్తాన్‌లలో బడులు కట్టిస్తామన్న గ్రెగ్ మోర్టెన్‌సన్ సంస్థ సెంట్రల్ ఏషియా ఇన్‌స్టిట్యూట్‌కు ఛారిటీ నావిగేటర్ నాలుగు నక్షత్రాలూ ఇచ్చింది. 2011 ఏప్రిల్‌లో టీవీ కార్యక్రమం '60 మినిట్స్' ఆ సంస్థ వ్యవహారాలను బయటపెట్టింది. ఆయన పుస్తకాల ప్రచారానికీ ప్రయాణాలకీ అయిన ఖర్చులు సేవాకార్యక్రమాల పద్దులో చేరాయి. ఆ మరుసటి ఏడు మాంటానా అటార్నీ జనరల్ విచారణ తర్వాత మోర్టెన్‌సన్ 10 లక్షల డాలర్లకు పైగా తిరిగి కట్టడానికి ఒప్పుకున్నాడు. సంస్థ తానే నింపిన ఫారాన్ని నమ్మినందువల్ల వచ్చిన తప్పు ఇది. కానీ ఆ సంస్థ తన 14 ఏళ్లలో ఒక్కసారే ఆడిట్ అయిన లెక్కలు చూపిందని అదే కార్యక్రమంలో చెప్పింది కూడా ఒక రేటింగ్ సంస్థే, ఇప్పుడు ఛారిటీవాచ్ అని పిలిచేది. ఒక తూనిక తప్పినప్పుడు రెండో తూనిక పట్టుకుంది. తూచడమే మానేసి ఉంటే?

ఇంకో లోపం దీనికన్నా లోతైనది. ఆఫీసు ఖర్చు తక్కువైతే సంస్థ మంచిదన్న కొలత తేలిక, అందుకే అది పాకిపోయింది. ఆ లెక్కన సిబ్బందికి శిక్షణ ఇవ్వని, లెక్కలు రాయడానికి మనిషిని పెట్టుకోని సంస్థే ఉత్తమం అవుతుంది. ఛారిటీ నావిగేటర్, గైడ్‌స్టార్, బీబీబీ వైజ్ గివింగ్ అలయన్స్ అనే మూడు సంస్థలూ కలిసి 2013లో దాతలకు బహిరంగ లేఖ రాసి, ఆ ఒక్క అంకెతో తీర్పు చెప్పవద్దని కోరాయి. తామే పెంచిన కొలతను తామే దిద్దుకోవడం నాకు గౌరవించదగ్గ పనిగా కనిపిస్తుంది. మన చట్టం మాత్రం 2020లో విదేశీ విరాళాల్లో పరిపాలన ఖర్చు పరిమితిని 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గించి, ఆ అంకెనే మరింత గట్టిగా పట్టుకుంది.

అసలు ఆక్షేపణ భక్తుల నుంచి వస్తుంది. ఇచ్చి మరిచిపోవాలి, లెక్క అడిగితే ఫలాపేక్షే కదా అంటారు. ఫలాన్ని వదులుకోవడమంటే నాకు రావలసినదాన్ని వదులుకోవడం: పేరు, పొగడ్త, గుడి గోడమీద రాతిపలక. అన్నం పిల్లవాడి విస్తట్లో పడిందా లేదా అన్నది నాకు వచ్చే ఫలం కాదు, వాడికి రావలసినది. వాడి సొత్తును వదిలేసే అధికారం నాకెక్కడిది? ఇచ్చిన మరుక్షణం ఆ డబ్బు వాడిదైతే, పద్దు అడిగే నేను వాడి తరఫున అడుగుతున్నాను. రాతిమీద పేరు చెక్కించమని మొహమాటం లేకుండా అడిగేవాళ్లం జమాఖర్చులు చూపమనడానికి సిగ్గుపడటం నన్ను బాధిస్తుంది. నిజమే, ధర్మనిధి వసూలు చేసేవారిని లెక్క అడగవద్దని పైన చెప్పిన తల్మూదే అంటుంది. తర్వాతి ధర్మశాస్త్రకారులు మాత్రం, అడగకపోయినా వారే లెక్క చూపడం మంచిదన్నారు, దేవుడి ముందూ మనుషుల ముందూ మచ్చ లేకుండా ఉండటానికి. అడగడం అనుమానంగా మారకుండా ఉండాలంటే దారి అదే: చూపేవారు ముందే చూపడం, మూడోవారు దాన్ని సరిచూడడం.

పల్లెల్లో నలుగురు మనుషులు నడిపే అనాథాశ్రమానికి ఏ రేటింగూ ఉండదు. లేకపోవడం తప్పు కాదు, దాన్ని తప్పుగా చూస్తే పెద్ద సంస్థలకే డబ్బు చేరుతుంది. అలాంటి చోట దాత కిందటేడాది ఆడిట్ నివేదిక అడగవచ్చు. ఊళ్లో చుట్టాలుంటే, భోజనాల వేళకు చెప్పకుండా వెళ్లి పిల్లల పంక్తిలో కూర్చోమని వారిని అడగవచ్చు.