మోతకి త్యాగమని పేరు

పైత్యం అనే మాటని మనం తిట్టుకే ఎక్కువ వాడతాం. కానీ లివర్ నుంచి పేగుకి జారే ఆ చేదు రసంలో కొవ్వుల్ని కరిగించే లవణాలతో పాటు రోగాల్ని అడ్డుకునే యాంటీబాడీలు కూడా ఉంటాయి. వాటిలో ముఖ్యమైనది ఇమ్యునోగ్లోబులిన్-ఏ, పొట్టిగా ఐజీఏ. మన ఒళ్లు రోజూ తయారుచేసే మిగతా యాంటీబాడీలన్నీ కలిపినా దీనంత ఉండవు.

దీని అసలు పని బయటి ప్రపంచం ఒంటిని తాకే చోట్ల: పేగులో, కన్నీళ్లలో, తల్లిపాలలో, పైత్యరస నాళాల్లో. చిక్కేమిటంటే తయారయ్యేది గోడకి ఇవతల, కావాల్సింది అవతల. గోడంటే సందు లేకుండా ఒకదాన్నొకటి కరుచుకున్న కణాల వరస. ఆ కణాల ఇవతలి ముఖం మీద ఒక రిసెప్టర్ ఉంటుంది. అది ఐజీఏని పట్టుకుని, ఓ బుల్లి సంచిలో కణం లోపలినుంచి అవతలి ముఖానికి చేరుస్తుంది. అక్కడ ఒక ఎంజైము రిసెప్టర్‌ని కోసేస్తుంది. తెగిన ముక్క సరుకుతో పాటే పోతుంది.

మోసే రిసెప్టర్లన్నీ ఇలా ఉండవు. ఇనుముని కణంలోకి తెచ్చేది సరుకు దించేసి మళ్లీ పైకొస్తుంది, మా సాఫ్ట్‌వేర్‌లో కనెక్షన్ పూల్ లాగా. దీనికి మాత్రం ఒక్కటే ట్రిప్పు. తెగిన ముక్క ఐజీఏని అంటిపెట్టుకుని, జీర్ణ ఎంజైములు దాన్ని తొందరగా కొరికెయ్యకుండా కాస్తుంది. ఇంకా విచిత్రం, ఐజీఏ దొరక్కపోయినా రిసెప్టర్ ఖాళీగానే బయల్దేరుతుంది, అవతలికి వెళ్లి తెగుతుంది. ఆ వట్టి ముక్కలూ స్రావాల్లో కనిపిస్తాయి.

రక్తంలోని ఐజీఏని లివర్ చకచకా పైత్యరసంలోకి తోస్తుందని 1978లో ఎలుకల మీద చూపించారు. ఎలుకల్లో ఆ మోత లివర్ కణాలదే. మనుషుల్లో మాత్రం ప్రధానంగా పైత్యరస నాళాల గోడ కణాలది. ఎలుకలో నిజమైందల్లా మనిషిలో నిజం కాదు. నేను చెయ్యబోయేదీ పోలికే కాబట్టి ఈ సంగతి గుర్తుంచుకోండి.

ఇదంతా వింటే నోటికొచ్చే మాట త్యాగం. కర్ణుడు గుర్తొస్తాడు, పుట్టుకతో వచ్చిన కవచాన్ని ఒంటి నుంచి కోసి ఇచ్చినవాడు. నా అభ్యంతరం ఇక్కడే. వచ్చేవాడు ఇంద్రుడని సూర్యుడు ముందే హెచ్చరించాడు. కర్ణుడు కాదనగలడు, కాదనగలిగి ఇచ్చాడు. పైగా బదులుగా శక్తి ఆయుధం అడిగి పుచ్చుకున్నాడు. ధర అడిగాడని ఆయన దానశీలానికి మచ్చేమీ రాలేదు. రిసెప్టర్‌కి కాదనడమనేది లేదు. ఎటు వెళ్లాలో దాని తోకలోనే రాసుంటుంది, వెళ్తుంది, తెగుతుంది. కణం ఇంకోటి చేసుకుంటుంది. దీన్ని త్యాగమంటే ఆ మాటకి విలువ పోతుంది.

అయినా కణాన్ని ఏమన్నా దానికి పోయేదేం లేదు. మనుషులకి పోతుంది. మాది గుంటూరు. సీజన్లో మిర్చి యార్డుకి లక్ష టిక్కీలు దాటి వచ్చే రోజులుంటాయి. టిక్కీ అంటే 40 కిలోలకి అటూ ఇటూ. దించేదీ, కాటాకి పెట్టేదీ, మళ్లీ లారీకి ఎత్తేదీ హమాలీ వీపే. గేటు దగ్గరే మనకి తుమ్ములు మొదలవుతాయి, వాళ్లు పగలంతా ఆ ఘాటులోనే. పర్చూరు వైపు పత్తి తీసే ఆడవాళ్ల వేళ్లు చూడండి, ఎండిన కాయ మొనలు గీరిన గీతలు. కూలీ బస్తా లెక్కనో కిలో లెక్కనో వస్తుంది. బస్తాతో పాటు మోకాళ్లూ నడుమూ కూడా కొంచెం కొంచెంగా వెళ్లిపోతాయి. ఆ ముక్క లెక్కలో రాదు. సరుకు రాని రోజునా ముఠా వచ్చి కూర్చుంటుంది. కూలీ లేదు గానీ వయసులో ఒక రోజు మాత్రం ఖర్చు.

మేడే ఉపన్యాసాల్లో వీళ్లు త్యాగమూర్తులు. 2020 మార్చి 22 సాయంత్రం దేశమంతా చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను, మనస్ఫూర్తిగానే. కానీ త్యాగం అన్నాక ధర అడగకూడదని మనలో ఎక్కడో ఉంది. టిక్కీకి రెండు రూపాయలు పెంచమంటే "ఈమధ్య వీళ్లు మరీ ఎక్కువ చేస్తున్నారు" అనేది దండం పెట్టిన ఆ నోరే.

ఒక ఫ్రెండ్ వాదించాడు: "పిల్లల చదువు కోసమే కదరా మోస్తున్నాడు, అది త్యాగం కాదా?" కాదనను. రిసెప్టర్‌కి లేని సంకల్పం హమాలీకి ఉంది. అయితే ఆ త్యాగం చేసింది పిల్లలకి. ఆ మాట అనే హక్కు వాళ్ల పిల్లలకుంది. కారం తినే నాకు లేదు, కొనే వ్యాపారికీ ఎగుమతి చేసేవాళ్లకీ లేదు. మాకు వాళ్లు చేసింది పని. పనికి కూలీ ఉంటుంది, ఎంతన్నది అడగొచ్చు, తగువాడొచ్చు.

అలా తగువాడేటప్పుడు ఇప్పుడున్న లెక్కకి కనీసం రెండు గళ్లు కలపాలి. సరుకు రాని రోజుకి ఎంత? నడుము పడిపోయాక వచ్చే నెలలకి ఎంత? ఎక్సెల్ షీట్‌లో అవి రెండు కాలమ్‌లు, నిమిషం పని. వాటిలో ఏ అంకె వెయ్యాలన్నదే తెగని బేరం.