ఎవరి ఆకలితో మన నియమం?

2022 డిసెంబర్ 24న కాబూల్ నుంచి వార్త వచ్చింది. స్వచ్ఛంద సంస్థల్లో పనిచేసే ఆడవాళ్లు ఇక పనికి రాకూడదని తాలిబన్ల ఆదేశం. మర్నాడే కేర్, సేవ్ ద చిల్డ్రన్, నార్వేజియన్ రెఫ్యూజీ కౌన్సిల్ తమ పని నిలిపేశాయి. ‘ఆత్మగౌరవమంటే ఇదీ’ అని స్నేహితురాళ్లతో వాదించాను. ఆడవాళ్లను ఇంట్లో కూర్చోబెట్టి మగవాళ్లు పంచే గోధుమపిండి మనకెందుకు అన్నాను.

‘మనకెందుకు’ అన్న ఆ మాటే తర్వాత నన్ను నిలదీసింది. ఆ పిండి నాకోసం వచ్చింది కాదు కదా!

నా కోపం న్యాయమైనదే. పరాయి మగవాడు ఇంట్లోకి వెళ్లి స్త్రీతో మాట్లాడే వీల్లేని చోట, మగదిక్కులేని ఇంటి తలుపు తట్టగలిగేది మరో స్త్రీయే. ఆమెను తీసేస్తే సాయం అందాల్సిన వాళ్ల జాబితాలోంచి మొదట జారిపోయేది ఆ ఇల్లే. కానీ 2023లో అక్కడ సాయం అవసరమైనవాళ్లు 2 కోట్ల 80 లక్షల మందికి పైగా అని ఐక్యరాజ్యసమితి అంచనా. పని ఆగిపోతే ముందు పస్తుండేదీ ఆ ఇల్లే.

1971లో తూర్పు బెంగాల్ శరణార్థుల ఆకలిని చూసి పీటర్ సింగర్ ఒక వ్యాసం రాశాడు. చెరువులో మునిగిపోతున్న పిల్లని కాపాడటం మన బాధ్యతైతే, దూరదేశంలో చనిపోతున్న పిల్లని కాపాడటమూ బాధ్యతే అన్నాడు. దూరం సాకు కాదన్నది నేనూ ఒప్పుకుంటాను. కానీ ఆయన చెరువు గట్టున కర్ర పట్టుకుని, ‘ఆడది నీళ్లలో దిగకూడదు’ అనేవాడెవడూ లేడు.

వదిలి వెళ్లడమే న్యాయమైన సందర్భాలూ ఉన్నాయి. 1994లో రువాండా శరణార్థి శిబిరాల్లో అందిన సాయం హంతకులకే బలమవుతోందని సరిహద్దులు లేని వైద్యుల సంస్థ ఫ్రెంచి విభాగం అక్కడినుంచి తప్పుకుంది. కాబూల్‌లో పరిస్థితి అలా తేలిపోయేది కాదు. 2023 జనవరిలో కొన్ని సంస్థలు వైద్యం వంటి రంగాల్లో, స్త్రీలు పనిచేయగలిగిన మేరకు, మళ్లీ పని మొదలుపెట్టాయి. ఒకప్పుడైతే దీన్ని లొంగుబాటు అనేదాన్ని. ఇప్పుడు అనలేను. ఇంటికి పంపేసిన ఉద్యోగినుల జీతాలు ఆపకుండా, వాళ్లను తిరిగి రానివ్వమని అడగడం మానకుండా చేసే పని లొంగుబాటు ఎలా అవుతుంది?

ఆగాలా, కొనసాగాలా అన్నదాని మీద అఫ్ఘాన్ స్త్రీలదీ ఒకే మాట కాదు. అయినా ముందు వినాల్సింది వాళ్ల మాటే. నిరాహారదీక్ష ఎవరికి వారు పూనాల్సిన దీక్ష. నా నియమం కోసం ఇంకొకామెను పస్తుంచే హక్కు నాకెవరిచ్చారు?