పందెపు మెట్లు



మెట్టు ఎక్కుట మానవునకు ప్రీతికరము. చదువులో, వృత్తిలో, సాధనలో పై మెట్టునకు చేరవలెనని కోరుట తప్పు కాదు. కాని కొన్ని మెట్లు ఎక్కుచున్నట్లు తోచుచునే మనలను క్రిందికి దించును. సెల్‌ఫోను తెరపై డబ్బు పెట్టి ఆడు పోకర్ అను పేకాటలో అట్టి మెట్లు కలవు.

ఆ ఆటలో ముక్కలు పంచుటకు ముందే ఇద్దరు ఆటగాండ్రు కొంత సొమ్ము తప్పనిసరిగా ఒడ్డవలెను. వానిని బ్లైండ్లు అందురు. పెద్ద బ్లైండు 10 రూపాయలైన బల్లకు సాధారణముగా దానికి 100 రెట్లు, అనగా 1,000 రూపాయలు, తీసికొని కూర్చుందురు. 20 రూపాయల బల్లకు 2,000 కావలెను. ఒక్క మెట్టెక్కిన లాభము రెట్టింపగునని మనసు చెప్పును. నష్టమును రెట్టింపగునని చెప్పదు. పైగా పై బల్లల వద్ద కూర్చుండువారు మరింత నేర్పరులు. నిర్వాహకుడు పందెపు సొమ్ములో తన వాటా తీసికొనుచునే యుండును. కావున ఆడువారందరి చేతిలోని మొత్తము తరుగునే గాని పెరుగదు.

ఈ ఆట లోతులెరిగినవారే ఒక నియమము చెప్పుదురు. ఒక బల్లకు వలసిన సొమ్మునకు 20, 30 రెట్లు విడిగా నిల్వ లేనిదే ఆ బల్లకు పోరాదు. నిల్వ తరిగినచో వెంటనే క్రింది బల్లకు దిగవలెను. ఏలయన, ఎంతటి నేర్పరికైనను వారముల తరబడి ముక్కలు కలిసిరాకపోవుట కలదు. నియమము వినుటకు సులభమే. కాని ఓడినవాడు దిగునా? పోయినదంతయు ఒక్కసారిగా రాబట్టవలెనని పై మెట్టే ఎక్కును. అట్లు ఎక్కించునది నేర్పు కాదు, రోషము. పిల్లల ఫీజు, ఇంటి అద్దె, అప్పు తెచ్చిన సొమ్ము ఆ మెట్టుకు రాళ్లగును.

సభాపర్వమున ధర్మరాజు ధనముతో మొదలిడి, రాజ్యమును, తమ్ములను, తన్ను, తుదకు ద్రౌపదిని ఒడ్డెను. ప్రతి ఓటమియు ఆగుమనియే చెప్పెను. ఆయన చెవికది ఇంకొక పందెమని వినిపించెను.

శరణుల చరిత్రలో ఆయ్దక్కి మారయ్యను తలపుడు. నేల రాలిన బియ్యపు గింజలు ఏరుట ఆయన కాయకము. ఒకనాడు వాడుక కంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. ఇల్లాలు లక్కమ్మ సంతసింపలేదు. వలసినదానికి మించినది ఆశయే గాని కాయకఫలము కాదని, దానిని తిరిగి అచ్చటనే పోసి రమ్మనెను. మారయ్య పోసి వచ్చెను. ఎక్కిన మెట్టు దిగుట తెలిసినవాడాయన.

డబ్బు పందెపు ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లోను, ఆంధ్రప్రదేశ్ 2020లోను నిషేధించినవి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికిని వర్తించు నిషేధ చట్టమును ఆమోదించినది. చట్టము తలుపు మూయగలదు. మనసును మరల్చుకొనవలసినది మనమే.

బంధువులారా! మీ ఇంట ఎవరైన ఈ మెట్లపై నిలిచియున్నచో వారిని తిట్టకుడు, సంగతి దాచకుడు. లక్కమ్మ వలె ప్రక్కన నిలువుడు. ఎంత పోయినదో కాగితముపై వ్రాయించి, పోయినది పోనిమ్ము, దిగి రమ్మని చెప్పుడు. పోయినదాని కొరకు మరల ఆడకుండుటయే తొలి గెలుపు. రేపటి కాయకమునకు ఆ చేతులు మిగిలియే యున్నవి గదా!