మోతకూ నిజాయితీకీ ఉన్న సంబంధం

కళాకారుని నిజాయితీని దేన్నిబట్టి నిర్ణయించాలనే ప్రశ్న మన విమర్శకులకు కొత్తది కాదు. కవిత్వం విషయంలో కావలసినంత చర్చ జరిగింది. సంగీతం దగ్గరికి వచ్చేసరికి మాత్రం మనం రెండు తేలిక సమాధానాలతో సరిపెట్టుకుంటున్నాం. శ్రావ్యంగా ఉన్నదంతా పాలకవర్గం పాడే జోలపాట అనేది ఒకటి. చెవులు చిల్లులు పడేట్టు మోగేదంతా పెట్టుబడిదారీ క్షీణసంస్కృతి అనేది రెండోది. ఈ రెండు మాటల్నీ ఒకే మనిషి ఒకే సాయంత్రం అనగా విన్నాను. ఆ సాయంత్రం వివాదానికి కారణం ఒక విద్యార్థి వినిపించిన రికార్డు. ఇది అభ్యుదయకరమా, కాదా అని అతను నన్నడిగాడు. వెంటనే జవాబు చెప్పలేకపోయాను.

ఆ రికార్డు పేరు "దిసీజ్ ద సోనిక్స్". 2015లో అమెరికాలో వెలువడింది. సోనిక్స్ అనే వాళ్లది వాషింగ్టన్ రాష్ట్రంలోని టకోమా. అది రేవుపట్టణం. రాగి కరిగించే కార్ఖానా, కాగితపు గుజ్జు మిల్లులు, వాటి కంపు ఆనాటి టకోమాకు గుర్తులు. 1960ల మొదట్లో అక్కడి కుర్రాళ్లు కొందరు జతగూడి గిటార్లు, శాక్సఫోను, డ్రమ్ములు పట్టారు. ఇట్లాంటి బృందాలు కార్ల షెడ్లలో సాధన చేసుకునేవి గనుక ఆ సంగీతానికి గరాజు అనే పేరు వచ్చింది. దానికి పంక్ అనే మాట చేరింది 1970లలో. వీరి మొదటి పాట "ద విచ్" 1964లోను, మొదటి ఆల్బమ్ 1965లోను వచ్చాయి. వాటిని ప్రచురించిన ఎటికెట్ సంస్థ పెద్ద వ్యాపారులది కాదు, వేలర్స్ అనే మరో స్థానిక బృందం సభ్యులే నడిపినది. మనవాళ్లు గమనించదగ్గ విషయమిది.

ఆ మొదటి ఆల్బమ్‌ను రెండు ట్రాకుల యంత్రం మీద తీశారు. డ్రమ్ములన్నిటికీ కలిపి ఒకే మైకు. గాయకుడు జెరీ రోజ్లీ పాడడు, గొంతు చించుకుంటాడు. "స్ట్రిక్నైన్" అనే పాటలో మనిషి తక్కిన పానీయాలన్నిటికంటె విషమే తనకు ఇష్టమంటాడు. ఆకలి లేదు, సమ్మె లేదు, వర్గం ఊసే లేదు. కేవలం వస్తువును చూసి తూచే విమర్శకుని త్రాసులో ఈ పాటలు గడ్డిపోచంతైనా తూగవు.

అయితే మెచ్చుకునేవాళ్లకు వేరే త్రాసుంది. వాళ్లనేదేమంటే, ఈ కుర్రాళ్లకు మంచి సాధనాలు లేవు, అందువల్ల శబ్దం మొరటుగా వచ్చింది, లేమిలోంచి వచ్చింది గనుక అది నిజమైనది. ఈ వాదాన్ని ఒప్పుకుంటే 2015 రికార్డు గతేమిటి? రోజ్లీ, గిటారు వాయించే లారీ పరైపా, శాక్సఫోను వాయించే రాబ్ లిండ్ అప్పటికి డెబ్బయ్యేళ్లకు చేరువైనవాళ్లు. నునుపు చేసి పెట్టే యంత్రాలు ఎన్నైనా అందుబాటులో ఉన్నాయి. అయినా డెట్రాయిట్‌కు చెందిన జిమ్ డైమండ్ ఆధ్వర్యాన, స్టీరియో కూడా వద్దని, మోనోలోనే రికార్డు చేశారు. లేమి లేకుండానే లేమి శబ్దాన్ని తయారుచేసినట్టే గదా! ఇది వేషం కాదా? కొంతకాలం నేనూ అట్లాగే అనుకున్నాను.

కాని ఒక సంగతి ఈ వాదాన్ని పడగొడుతుంది. 1966లో వచ్చిన "బూమ్" అనే రెండో ఆల్బమ్ తీసేటప్పుడు వీళ్లు టకోమా స్టూడియో గోడలకున్న శబ్దాన్ని పీల్చే పొరను తమ చేతులతోనే పీకిపారేశారు. మోత ఇంకా కావాలని! తర్వాత హాలీవుడ్‌లోని పేరున్న స్టూడియోలో మూడో ఆల్బమ్ తీస్తే శబ్దం నున్నగా వచ్చింది, అది వాళ్లకే నచ్చలేదు. అంటే మొరటుతనం మొదటినుంచీ కొంత లేమీ, కొంత కోరికా. లేమి ఒక్కటే దానికి మూలమన్నది అభిమానులు అల్లుకున్న కథ. పేదరికాన్ని కళకు యోగ్యతాపత్రంగా చూడటం మధ్యతరగతి జబ్బు. ఆ పత్రం పేదవాడెవడూ అడిగింది కాదు.

మరి ఆ మోతలో ఏముంది? నాకు తోచిందిది. సరుకులో శ్రమ కనపడకుండా పోతుందనీ, మనుషుల మధ్య సంబంధం వస్తువుల మధ్య సంబంధంలాగా కనిపిస్తుందనీ మార్క్స్ చెప్పాడు. నునుపు తేలిన రికార్డు వినండి. అది ఎవరూ చెయ్యకుండా దానంతటదే ఊడిపడినట్టుంటుంది. ఊపిరి వినపడదు, తప్పు వినపడదు. సోనిక్స్ రికార్డులో కర్ర చర్మాన్ని కొట్టడం వినిపిస్తుంది, గొంతు బొంగురుపోవటం వినిపిస్తుంది, యంత్రం భరించలేక గరగరమనటం వినిపిస్తుంది. ఇది మనుషులు చేసిన పని అన్న సంగతి మరిచిపోనివ్వదు. డప్పు మోతను గోల అన్నవాళ్లు మన ఊళ్లలోనూ ఉన్నారు, వాళ్లకు ఇబ్బంది కలిగించింది చప్పుడొకటే కాదు, కొట్టే చెయ్యి కూడా.

ఇంతవరకు చెప్పి ఆపితే నేనూ అభిమానుల జాబితాలో చేరినట్టే. ఇంకా లెక్కలున్నాయి.

ఆ శాక్సఫోను వాయించిన రాబ్ లిండ్ బృందం విడిపోయాక వియత్నాం యుద్ధకాలంలో అమెరికా యుద్ధవిమానాల పైలటయ్యాడు. ఆ వ్యక్తిని నిందించటానికి ఈ మాట అనటం లేదు. ఆ తరం కుర్రాళ్ల ముందు ఎన్ని దారులు తెరిచి ఉన్నాయో మనకు తెలుసు. నేననేది, అంత మోతలోనూ ఆ విమానం ఎక్కవద్దని చెప్పే మాట ఒక్కటీ లేదని. మోత దానంతటది తిరుగుబాటు కాదు. 2000ల దశకంలో వాళ్ల "హావ్ లవ్, విల్ ట్రావెల్" పాట లాండ్ రోవర్ కారు ప్రకటనలో మోగింది. టకోమా షెడ్డు శబ్దం ఖరీదైన కార్లు అమ్మటానికి చక్కగా పనికొచ్చింది.

పైగా ఆ పాట సోనిక్స్‌ది కాదు. లాస్ ఏంజెలెస్‌లో ఉండిన నల్లజాతి గాయకుడు రిచర్డ్ బెరీ 1959లో పాడింది. "లూయీ లూయీ" కూడా అతనిదే, 1957 నాటిది. సోనిక్స్ దాన్నీ "బూమ్"లో పాడారు. ఆ పాటమీది హక్కుల్ని మరి నాలుగు పాటలతో కలిపి బెరీ 750 డాలర్లకు అమ్ముకున్నాడు, పెళ్లి ఖర్చుల కోసం. పోర్ట్‌లాండ్ బృందం కింగ్స్‌మెన్ 1963లో పాడాక అది అమెరికా అంతటా మారుమోగింది. బెరీకి తన పాటమీద హక్కు కొంతైనా తిరిగి దక్కటానికి 1980ల దాకా పట్టింది. ఇందాక నేను వినిపిస్తుందన్న శ్రమ వాయించినవాళ్ల శ్రమ. రాసినవాడి శ్రమ ఎంత మొరటు రికార్డులోనైనా వినపడదు. మొరటుదనాన్ని నిజాయితీ అని పిలిచేటప్పుడు మనం దాటేసే చోటు ఇదేననుకుంటాను. 2015 రికార్డులోనూ విల్లీ డిక్సన్ రాసి బో డిడ్లీ పాడిన పాట ఒకటి, డెట్రాయిట్ గాయకుడు ఎడ్డీ హాలండ్ పాడినది ఒకటి ఉన్నాయి. వినేవాళ్లలో ఆ పేర్లు తెలిసినవాళ్లెందరు?

మళ్లీ కలిసినప్పుడు ఆ విద్యార్థికి అభ్యుదయమా కాదా అన్నది చెప్పలేదు. బెరీ పాడిన "హావ్ లవ్, విల్ ట్రావెల్" వెతికి వినిపించమన్నాను. నెమ్మదిగా, కులాసాగా సాగే పాట, వెనక తోటిగాయకుల గొంతులు. వెంటనే సోనిక్స్ అరుపు పెట్టాం. అతను ముందు నవ్వాడు. తర్వాత, మొదటిది ఇంకోసారి పెడతానన్నాడు.