తలుపు తీశారా?

భవాని పేట్, సోలాపూర్

చిరంజీవి మనుమడికి,

నూలు పున్నమికి మార్కండేయుడి రథం చూడ్డానికి వచ్చి నాలుగు రోజులుండి పోయావు. ఇల్లు బోసిపోయింది. నీ ముందర అనలేకపోయిన మాటొకటి ఇప్పుడు రాస్తున్నా.

నువ్వున్నప్పుడు ఒక రాత్రి నీ ఫోన్లో గరగరమంటూ ఇంగ్లీషు మాటలు వినబడితే మీ అమ్మమ్మ లేచి కూర్చుంది. అమెరికాలో ఏదో ఊరి పోలీసుల వైర్‌లెస్ అన్నావు. దాన్ని స్కానర్ అంటారని, అక్కడ ఇళ్లలో కూర్చుని వినేవాళ్లు చాలామంది అని చెప్పావు. మాకోసం ఒకటి తెలుగు చేశావు కూడా. ఎవరో ముసలాయన స్నానాల గదిలో పడిపోయాడు, లోపల గడియ వేసి ఉంది, పిలిస్తే పలకడం లేదు. "తర్వాత?" అంది మీ అమ్మమ్మ. "తెలీదు అమ్మమ్మా, వేరే కాల్ వచ్చింది" అని అటు తిరిగి పడుకున్నావు. నీకు నిద్ర పట్టింది. మాకు పట్టలేదు.

నేనూ చెవితో బతికినవాణ్ణే. రాత్రి పాళీలో రెండు మరమగ్గాల మధ్య నిలబడే కునుకు తీసేవాణ్ణి. టకటకలో రవ్వంత తేడా వస్తే చాలు, మెలకువ. పోగు తెగిందా, కండె అయిపోయిందా, నాడె ఇరుక్కుందా, చప్పుడే చెప్పేది. కళ్లు పూర్తిగా తెరుచుకునేలోపే చెయ్యి పోయి మగ్గం ఆపేది. తెగిన పోగు వెతికి ముడి వేసేది. జకార్డ్ చద్దర్‌లో ఒక్క పోగు వదిలేస్తే ఆ గీత దాచినా దాగదు. ఆ చప్పుడే నా చెవులు సగం తినేసింది, అది వేరే సంగతి. మా వినికిడికి వెంట ఒక చెయ్యి ఉండేది నాయనా. నీ వినికిడికి లేదు. సముద్రాల అవతలి తలుపు నువ్వెలా తీస్తావు? రోజూ ఇలా వింటూ పోతే మనిషి మొర కూడా గోడ గడియారం చప్పుడులా అయిపోతుంది.

సగం విని చెయ్యి లేపితే మరీ ఘోరం. 2013 ఏప్రిల్‌లో బోస్టన్ పరుగు పందెంలో బాంబులు పేలాక, స్కానర్‌లో పేరు విన్నామంటూ జనం ఒక కాలేజీ కుర్రవాణ్ణి దోషిని చేశారు. మన భారత సంతతి పిల్లవాడు. అప్పటికే నెల రోజులుగా కనబడక ఇంట్లోవాళ్లు వెతుక్కుంటున్నారు, వాళ్లనే తిట్టిపోశారు. ఆ నెల 23న అతని శవం నదిలో దొరికింది. బాంబులతో అతనికి ఏ సంబంధమూ లేదు.

అంత దూరం ఎందుకు? 2018 జులై 1న ధూళే జిల్లా రైన్‌పాడాలో, పిల్లల దొంగలంటూ ఫోన్లలో తిరిగిన పుకారు నమ్మి, భిక్షాటన మీద బతికే సంచార జాతివాళ్లు ఐదుగురిని పంచాయతీ కార్యాలయం గదిలో కొట్టి చంపారు. అందులో ఎక్కువమంది మన మంగళవేఢ తాలూకా వాళ్లే. విన్నవాళ్లు వందలు. ఆగి అడిగినవాడు లేకపోయాడు.

చట్టం సంగతికొస్తే, మన దేశంలో లైసెన్సు కావలసిన వైర్‌లెస్ పెట్టెను అది లేకుండా ఇంట్లో పెట్టుకోవడం 1933 చట్టం నాటి నుంచీ నేరమే. నీది ఫోనే కదా అంటావు, కానీయ్. నేను పోలీసుల భయం చెప్పడం లేదు. వినేవాళ్లంతా చెడ్డవాళ్లనీ అనను; విలేకరికి అది పని, అగ్గి ఆర్పేవాళ్లకు అదే ఆధారం. నీకు మాత్రం అది పొద్దుపోకకు.

మన పక్కింట్లో బీడీలు చుట్టే అవ్వ ఉంది కదా. పొద్దున్నే ఆకు కత్తిరించే కత్తెర చప్పుడు వినబడకపోతే మీ అమ్మమ్మ వెళ్లి తలుపు తడుతుంది. నువ్వు వెళ్లిన మూడో రోజు అట్లాగే తట్టింది. అవ్వ జ్వరంతో లేవలేకుండా పడి ఉంది. ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయాం. ఇప్పుడు నయమే, మళ్లీ చాట ముందేసుకుని కూర్చుంది.

పుణెలో నీ గది పక్కన ఎవరుంటారో ఎప్పుడూ చెప్పలేదు. ఈసారి ఉత్తరంలో రాయి. ఆ ముసలాయన తలుపు తీశారా అని మీ అమ్మమ్మ ఇంకా అడుగుతూనే ఉంది. తెలిస్తే అదీ రాయి.

మీ తాత