ప్రజాతీర్పు సత్యనిర్ణయమగునా?

1998 నవంబరులో మాదాపూరు రాతిగుట్టల నడుమ సైబర్ టవర్స్ ప్రారంభమైన నాడు, ఆ భవనపు నీడ సోకు నేలయు, అచటికి పడమటగా సుమారు 100 కిలోమీటర్ల దూరమున కందిచేలకును నాపరాళ్ళకును పేరువడిన తాండూరు నేలయు ఒకానొకనాడు ఒకే పార్లమెంటు సభ్యుని పాలబడునని ఊహించినవారు అరుదు. 2008 నాటి నియోజకవర్గ పునర్విభజనము ఆ పని చేసెను. అట్లేర్పడిన చేవెళ్ల లోక్‌సభ స్థానమున, హైటెక్ సిటీని కడుపులో నిడుకొన్న శేరిలింగంపల్లియు, రాజేంద్రనగరము, మహేశ్వరములును ఒకవంక. చేవెళ్ల, వికారాబాదు, పరిగి, తాండూరు మరొకవంక. అమెరికా గడియారమును బట్టి రాత్రియెల్ల మేలుకొని పనిచేయు సాఫ్ట్‌వేర్ ఇంజినీరుకును, తొలకరికై మింటివంక చూచు రైతుకును ఇచట చెరియొక ఓటే. జీవులందరియందును ఒకే ఆత్మ కలదని వేదాంతము చెప్పుటయే గాని, ఆ సమత్వమును లెక్కగట్టి చూపిన లౌకిక కర్మ నాకు తెలిసినంతలో ఇదొక్కటే.

ఆ స్థానమునుండి 2009లో తొలి సభ్యుడుగా ఎన్నికైనవారు సూదిని జైపాల్ రెడ్డిగారు. వారి ఎన్నికల చరిత్ర చదివినప్పుడెల్ల నన్నొక ప్రశ్న వెంటాడుచుండును. జయాపజయములను సమముగా నెంచి పోరుమని శ్రీకృష్ణుడు అర్జునునకు బోధించెను గదా. కాని అర్జునుని జయము తన భుజబలముచే సాధ్యమగునది, ఎన్నికలో జయము పరుల సమ్మతిచే లభించునది. లక్షలమంది వ్రేలిపై సిరాచుక్క పెట్టించుకొని పలికిన పలుకును, ‘నాకు రెండును సమానమే’ యని త్రోసిపుచ్చువాడు స్థితప్రజ్ఞుడా, లేక తోడి మనుష్యులను లెక్కసేయని అహంకారియా?

పసితనముననే పోలియోసోకి, జీవితమంతయు ఊతకర్రల సాయమున నడచిన ఈయన, 1969 మొదలు 1984 వరకు కల్వకుర్తి నుండి నాలుగు మారులు శాసనసభకు ఎన్నికైరి. ఎమర్జెన్సీని సహింపక 1977లో కాంగ్రెసును వీడిరి. 1980లో మెదకులో సాక్షాత్తు ఇందిరాగాంధీపై నిలిచి, రెండు లక్షలకు పైబడిన ఓట్ల తేడాతో ఓడిరి. ఆ ఓటమి ఆయన వాదమును అసత్యము చేసినదా? చేయలేదని నా దృఢవిశ్వాసము. పౌరస్వేచ్ఛను హరించుట తప్పన్నమాట మెదకులో ఎన్ని ఓట్లు వచ్చినను రాకున్నను సత్యమే. పిమ్మట మహబూబ్‌నగరు, మిర్యాలగూడ, చేవెళ్లల నుండి ఐదు పర్యాయములు లోక్‌సభకు వెళ్ళిరి. కేంద్రమున పలు శాఖలు నిర్వహించిరి. 1998లో ఉత్తమ పార్లమెంటేరియనుగా పురస్కృతులైరి.

1999లో వారు మరల కాంగ్రెసులో చేరుట మాత్రము నా మనస్సునకు పూర్తిగా సమాధానపడని అంశము. కాలము మారినదనుట ఒక సమాధానమే. కాని ఒక సిద్ధాంతమునకై ఇల్లు విడిచినవాడు తిరిగి ఆ గడప త్రొక్కునప్పుడు, మారినది ఇల్లా తానా యని లోకము అడుగుట న్యాయమే. ఓటరు ఆ ప్రశ్న వేయజాలును గాని, అంతరాత్మ తప్ప వేరెవ్వరును తీర్పు చెప్పజాలరు.

2009లో చేవెళ్లలో ఆయన ఏ.పీ. జితేందర్ రెడ్డిగారిపై 18 వేల పైచిలుకు ఓట్లతో గెలిచిరి. 2014లో, మహబూబ్‌నగరులో, ఆ జితేందర్ రెడ్డిగారి చేతనే మూడువేలకు లోపగు తేడాతో ఓడిరి. పోరినవారు ఆ ఇద్దరే. కాలము, స్థలము, పార్టీ గుర్తు, తెలంగాణ భావోద్వేగము మారినవి. ఈ ఐదేండ్లలో జైపాల్ రెడ్డిగారి విద్వత్తు తరుగలేదు, వాగ్ధాటి సన్నగిల్లలేదు. కనుక ఓటు అధికారమును ఒసగును, ఉపసంహరించును, సత్యమును నిర్ణయింపదు. అయినను ఓడినవాడు, ‘జనము మూఢులు’ అనుకొని ఊరట పొందుట, ఓటునే సత్యమని నమ్ముటకంటె పెద్ద ప్రమాదము. గీత కోరిన సమత్వము తన మానావమానముల యెడనే గాని, పరుల అభిప్రాయము యెడ కాదని నేను తలచెదను. ప్రజలు వలదన్నపుడు మారుమాటాడక పీఠము దిగుట యెంత ధర్మమో, తాను సత్యమని నమ్మినదానిని దిగిన పిమ్మటను పలుకుచుండుట అంతే ధర్మము.

జైపాల్ రెడ్డిగారు జీవితపు చివరి యేండ్లలో ‘టెన్ ఐడియాలజీస్’ అను గ్రంథమును వెలువరించిరి. వ్యవసాయ జీవనమునకును పారిశ్రామిక జీవనమునకును నడుమగల మహావైషమ్యము దాని విషయము. తాండూరు పొలముల నుండి రాయదుర్గపు అద్దాల మేడలకు ఒక్క పగటి ప్రయాణము చేసినవారికి ఆ వైషమ్యము కన్నులకు కట్టును. ఐదేండ్లు ఆ రెంటికిని ప్రతినిధియైన మనిషి దానినే తాత్త్విక సమస్యగా ఎత్తుకొనుట నాకు ఆశ్చర్యము గొలుపదు, గౌరవమే గొలుపును.

2019 జూలై 28న, 77 యేండ్ల వయసున, ఆయన గచ్చిబౌలిలోని ఒక ఆసుపత్రిలో కన్నుమూసిరి. గచ్చిబౌలి శేరిలింగంపల్లి శాసనసభా స్థానములోనిది, శేరిలింగంపల్లి చేవెళ్లలోనిది.