డాబాకు పిట్టగోడ, పాత కారుకు బ్రేకు



మన విచారణల్లో కొన్ని కుటుంబాలవారు తాతల నాటి అంబాసిడర్ కారును ఇంకా అపురూపంగా దాచుకొంటున్నారు. ఆ కారులోనే పెళ్ళికూతురు అత్తవారింటికి వెళ్ళింది. ఆ కారులోనే పసిబిడ్డ జ్ఞానస్నానానికి గుడికి వచ్చింది. 2014 మే నెలలో పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో దాని తయారీ ఆగిపోయాక ఆ మమకారం మరింత పెరిగింది. ఇది మెచ్చుకోదగినదే. పెద్దల జ్ఞాపకాన్ని నిలుపుకోవడం నాలుగవ ఆజ్ఞకు దూరమైన పని కాదు.

అయితే అటువంటి ఇళ్ళలో ఒక వాదం తలెత్తుతుంది. "పాత బ్రేకులు తీసేసి డిస్కు బ్రేకులు వేయిద్దాం నాన్నా" అంటాడు కొడుకు. "తాతయ్య కొన్న బండిలో ఒక్క బోల్టు మార్చినా ఒప్పుకోను" అంటాడు తండ్రి. ఇది మెకానిక్కు తేల్చవలసిన సంగతిలా కనిపిస్తుంది. కాని ఇందులో ఒక నీతి ప్రశ్న దాగి ఉంది.

ముందు విషయం తెలుసుకొందాం. 1960లలో వచ్చిన అంబాసిడర్‌కు నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే. చక్రంతో పాటు తిరిగే డ్రమ్ము లోపల రెండు షూలు విచ్చుకొని, దాని గోడకు ఒరుసుకొని బండిని ఆపుతాయి. ఒరిపిడికి వేడి పుడుతుంది. ఘాటు రోడ్డు దిగుతూ పదే పదే బ్రేకు తొక్కితే ఆ వేడి బయటికి పోయే వ్యవధి ఉండదు. డ్రమ్ము వ్యాకోచించి షూలకు ఎడమవుతుంది, లైనింగు పట్టు సడలుతుంది. డిస్కు బ్రేకు గాలి తగిలేలా ఉంటుంది కనుక త్వరగా చల్లబడుతుంది. మరొక సంగతి. ఆ కార్లలో బ్రేకు ఆయిలు నాలుగు చక్రాలకూ ఒకే వ్యవస్థగా పారుతుంది. ఎక్కడైనా గొట్టం పగిలితే పెడల్ నేలకు దిగిపోతుంది. తరువాతి కాలపు మాస్టర్ సిలిండర్లలో రెండు మార్గాలు వేరువేరుగా ఉంటాయి. ఒకటి పోయినా రెండవది కొంత ఆదుకొంటుంది.

"ఇన్నేళ్ళు వీటితోనే నడిపాం, ఏమైంది?" అని తండ్రి అడగవచ్చు. కారు మారలేదు, నిజమే. రోడ్డు మారింది. 2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో కొత్త కార్లకు ఏబీఎస్ తప్పనిసరి అయింది. ముందు వెళ్ళే కారు చప్పున ఆగుతుంది. వెనుక వచ్చే పాత కారు కూడా ఆగాలి కదా! 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు సాగిపోతుంది. వేగం రెండింతలైతే, బ్రేకు పడ్డాక ఆగడానికి పట్టే దూరం నాలుగింతలవుతుంది.

మరి బ్రేకులు మారిస్తే అది తాతయ్య కారేనా? ఈ ప్రశ్న చాలా పాతది. ఏథెన్సు ప్రజలు థీసియస్ అనే వీరుని ఓడను దాచుకొని, పుచ్చిన పలకలను తీసి కొత్తవి వేస్తూ వచ్చారనీ, అది పాత ఓడేనా కాదా అని తత్వవేత్తలు వాదించుకొన్నారనీ ప్లూటార్క్ వ్రాశాడు. నా మట్టుకు నేను చెప్పేది ఇది. బ్రేకును తయారుచేసినవాడు దానిని బండి ఆపడానికే తయారుచేశాడు. తన కాలంలో తనకు అందినది అమర్చాడు. ఆ ఉద్దేశాన్ని మరింత బాగా నెరవేర్చేవాడు అతని పనికి ద్రోహం చేయడం లేదు, దానిని కొనసాగిస్తున్నాడు.

అంతకన్న ముఖ్యమైనది మరొకటి. ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయం 8వ వచనంలో ఒక చిన్న ఆజ్ఞ ఉంది. కొత్త ఇల్లు కట్టేవాడు మిద్దెకు పిట్టగోడ కట్టాలి, లేకపోతే అక్కడినుంచి ఎవరైనా పడి చనిపోతే ఆ దోషం ఆ ఇంటిదవుతుంది. వేసవి రాత్రులు డాబా మీద పడుకొనే మనకు దీని అర్థం ఎవరూ విప్పి చెప్పనక్కరలేదు. ఇల్లు నీదే. అందం నీ ఇష్టం. కాని పడిపోయేది పొరుగింటి పిల్లవాడు కావచ్చు. కారు కూడా అంతే. దాని రంగు, సీట్లు, హారను యజమాని ఇష్టం. బ్రేకు మాత్రం రోడ్డు దాటుతున్న మనిషికి కూడా చెందినది. నీ జ్ఞాపకాల కోసం తన ప్రాణాన్ని పణంగా పెట్టడానికి అతడు ఒప్పుకోలేదు. అతనిని ఎవరూ అడగనే లేదు.

అలాగని డ్రమ్ బ్రేకులు ఉంచుకొన్న ప్రతివాడూ పాపి అని నేననడం లేదు. ప్రదర్శనకు మాత్రమే బయటికి తీసే బండికి వాటిని సరిచూసి, ఆయిలు మార్చి, నెమ్మదిగా నడిపితే చాలవచ్చు. రోజువారీ రద్దీలో భార్యాబిడ్డలతో తిరిగే బండి సంగతి వేరు. అక్కడ మార్పు కర్తవ్యమే అవుతుంది. ఆ పని తెలిసినవాని చేత చేయించండి. ముందుగా రవాణా శాఖ కార్యాలయంలో అడగండి, ఎందుకంటే వాహనంలో మార్పులకు చట్టం హద్దులు పెట్టింది. తీసిన పాత డ్రమ్ములను నూనె రాసి, గుడ్డలో చుట్టి అటక మీద దాచండి. రేపు మనవడు కోరితే మళ్ళీ బిగించుకోవచ్చు. జ్ఞాపకమూ పోదు, ప్రాణమూ పోదు.

ఒక హెచ్చరిక. మంచి బ్రేకులున్నాయని వేగం పెంచితే చేసినదంతా వృథా. వేగం మీద మోజుతో తమకూ ఇతరులకూ అపాయం తెచ్చేవారిది ఘోర దోషమని సత్యోపదేశ గ్రంథం 2290వ సంఖ్యలో, ఐదవ ఆజ్ఞ కిందనే చెప్పింది.

ముందుచూపునూ జాగ్రత్తనూ వివేకమనే సుగుణంలో భాగాలుగా పునీత తోమాస్ అక్వినాస్ లెక్కించాడు. పాత కారుకు రంగు వేయించడానికి, మెరుగు పెట్టించడానికి మనం వెనుకాడం, అవి నలుగురికీ కనిపిస్తాయి కనుక. చక్రం లోపల ఉన్న బ్రేకును ఎవరూ చూడరు, ఎవరూ పొగడరు. ఆ ఖర్చును ముందు పెట్టండి. రంగు తరువాత వేయించుకోవచ్చు.